ట్రాక్ బండి పెద్దమనిషి

ట్రాక్ డే అంటే పందెం కాదు. రేసింగ్ ట్రాకును ఒక రోజు అద్దెకు తీసుకుని, ఎదురొచ్చే లారీ, అడ్డొచ్చే గేదె, చెప్పాపెట్టకుండా లేచే స్పీడ్ బ్రేకర్ ఏవీ లేనిచోట ఎవరి మోటార్ సైకిల్ వాళ్లు తోలుకునే ఏర్పాటు. వచ్చినవాళ్లను అనుభవాన్ని బట్టి గుంపులు చేసి, గుంపుకు పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు. కప్పులుండవు, దండలుండవు. దక్షిణాదిలో ఇందుకు పేరున్నవి చెన్నై శివార్లలో ఇరుంగాట్టుకోట్టై దగ్గర 1990లో తెరిచిన 3.7 కిలోమీటర్ల మద్రాసు ట్రాకు, కోయంబత్తూరులో 2003లో మొదలైన 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే. ఉత్తరాన గ్రేటర్ నోయిడాలో 5 కిలోమీటర్ల పైచిలుకు బుద్ధ్ సర్క్యూట్ ఉంది. ఈ మూడింటి మ్యాపులూ మలుపుల నంబర్లతో సహా కంఠతా వచ్చి, మూడింటిలో దేనిమీదా ఇంతవరకు చక్రం మోపని పెద్దమనిషి హైదరాబాదు ఐటీ ఆఫీసుల్లో అంతస్తుకు ఒకరైనా ఉంటారు. ఆయన ట్రాకు కోసం బండి ఎంచుకునే పనిలో ఉన్నారు. ఆ పని మొదలై చాలాకాలమైంది, ముగిసే సూచనలు లేవు.

వయసు ముప్పై దాటి నలభైకి ఇవతల. ఒక ఫ్లాటు, దాని ఈఎంఐ, పిల్లసీటు బిగించిన కారు ఉంటాయి. ఆఫీసుకు వెళ్లేది స్కూటరు మీద. అయితే ఆ స్కూటరు నడిపేటప్పుడు కూడా మలుపు రాకముందే తల మలుపువైపు తిప్పడం, సిగ్నల్ దగ్గర రెండే వేళ్లతో బ్రేకు పట్టడం చూసి తోటివారు ఆయన్ని గుర్తుపడతారు.

బండి కంటే ముందు సరంజామా వస్తుంది. మంచి హెల్మెట్, గ్లవ్స్, చీలమండ పైదాకా వచ్చే బూట్లు, వీపుకు రక్షణ కవచం, చివరికి ఒంటికి అతుక్కునే తోలు సూటు. ఇవి కొనడంలో తప్పేమీ లేదు. ట్రాకు మీదికి ఇవి లేకుండా పోనివ్వరు కూడా. చిక్కల్లా సూటు కొన్ననాటి నడుముకీ నేటి నడుముకీ కుదరకపోవడం. ఊపిరి బిగబట్టి జిప్పు పైకి లాగాక ఆయన నిటారుగా నిలబడలేరు, ఎందుకంటే ఆ సూటు కుట్టిందే వంగి కూర్చునే మనిషికి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక, హాల్లోని దివాన్ చేతిని పెట్రోల్ ట్యాంకుగా భావించి దానిమీదికి వంగుతారు. ఒక పిరుదు కిందికి జార్చి, మోకాలు బయటికి చాపి, మోకాలికున్న ప్లాస్టిక్ బిళ్లను నేలకు ఆనిస్తారు. కుడివైపు బాగానే ఆనుతుంది. ఎడమవైపు టీపాయ్ అడ్డం. ఆ సాయంత్రం ఇల్లు తుడుస్తూ ఇల్లాలు, "ఏమండీ, టైల్స్ మీద ఈ గీతలేంటండీ?" అంటుంది. పిల్లాడి బొమ్మ కారు మీదికి నేరం పోతుంది.

రేసు నంబరు కూడా అప్పటికే ఖాయమై ఉంటుంది. వాలెంటినో రోసీ 46 పెట్టుకుందామన్నది మొదటి కోరిక. నాలుగూ ఆరూ కలిపితే పది, అంటే ఒకటి. ఇంటి సిద్ధాంతిగారు ఆరు అచ్చొస్తుందన్నారు కనుక 33కి దిగారు. స్టిక్కర్లు అచ్చయి బీరువాలో ఉన్నాయి. ఆలు లేదు చూలు లేదు అని వాళ్లమ్మ మొదలుపెట్టి, కోడలు వింటోందని ఆపేస్తుంది.

ఎంపికలో మొదటి దశ వెయ్యి సీసీ దశ. కవాసాకీ జెడ్ఎక్స్-10ఆర్, బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్ఆర్, డుకాటీ పానిగాలే అనే పేర్లు ఇష్టదైవాల వరుసలో వినిపిస్తాయి. ఇవి రెండొందల గుర్రాల బళ్లు. ఆయన ఇప్పటిదాకా అదుపు చేసిన గుర్రాలు స్కూటరులో ఉన్న ఎనిమిదే. షోరూముకు వెళ్లడం నెలకోసారి జరిగే వ్రతం. బండి ఎక్కి, కాలివేళ్లను పెగ్గుల మీద ఆనించి, గడ్డం ట్యాంకుకు తగిలేలా ఒదిగి, "ఎర్గోనమిక్స్ చూస్తున్నా" అంటారు. సేల్స్ కుర్రాడు ఎదురు చెప్పడు. "సార్, బెల్టు బకిల్ ట్యాంక్ మీద గీరుకోకుండా చూడండి" అని మాత్రం అంటాడు. ఫొటో తీసేదీ వాడే. ఆ ఫొటో మూడేళ్లుగా ఆయన వాట్సాప్ డీపీ. ఆ బండి తనదేనని ఆయన ఎన్నడూ చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు.

ఈ దశ ఇరవై లక్షల చిల్లర ధర దగ్గర ముగుస్తుంది. కానీ ధర వల్ల మానుకున్నానని ఆయన ఒప్పుకోరు, హైదరాబాదులో రోడ్లు బాగోలేవంటారు. ఔటర్ రింగ్ రోడ్డు బాగానే ఉంది, దానిమీదికి టూ వీలర్లను రానివ్వరు.

నిజానికి ఆ బళ్లు వద్దనుకోవడానికి ఇంకా మంచి కారణం ఉంది. మలుపులో వేగాన్ని తేల్చేది ఇంజను కాదు. మలుపు వ్యాసార్ధం, బండి వాలిన కోణం, టైరు పట్టు. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 45 డిగ్రీలు వాలిన మోటార్ సైకిల్ ఏదైనా గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతోనే తిరుగుతుంది. బండి బరువు, సీసీ, ఈఎంఐ ఆ లెక్కలోకి రావు. గుర్రాలు పనికొచ్చేది తిన్నటి దారిలో, అక్కడ సంపాదించిన వేగాన్ని మళ్లీ మలుపు ముందు బ్రేకులకు అప్పజెప్పాలి. 1980లో క్యాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ స్థాపించిన కీత్ కోడ్ రైడరు ఏకాగ్రతను జేబులోని పది డాలర్లుగా లెక్కగట్టాడు. ఉన్నది అంతే, ఒకచోట ఖర్చయితే ఇంకోచోటికి మిగలదు. రెండొందల గుర్రాల మీద కూర్చున్న కొత్తవాడికి కుడి మణికట్టు వణక్కుండా చూసుకోవడానికే ఆ పదీ అయిపోతాయి. మలుపులోకి ఎక్కడ దిగాలో, చూపు ఎక్కడ నిలపాలో చూసుకోవడానికి అప్పు చేయాలి. చిన్న బండి మీద ఆ డబ్బు మిగులుతుంది. ఈ సిద్ధాంతమంతా పెద్దమనిషికి తెలుసు. ఎదుటివారికి అరగంట చెప్పగలరు కూడా. తన విషయంలో వర్తించదంతే.

రెండో దశలో ఎక్సెల్ షీటు పుడుతుంది. మూడొందల నుంచి నాలుగొందల యాభై సీసీ మధ్య బళ్లన్నీ ఒక్కో వరుస. గుర్రాలు, బరువు, స్లిప్పర్ క్లచ్, క్విక్ షిఫ్టర్, సస్పెన్షన్ సర్దుబాటు, ధర, రీసేల్ అంటూ నిలువు గడులు కుడివైపుకు పెరుగుతూనే ఉంటాయి. ఈ షీటు అసలు ప్రయోజనం ప్రతి బండికీ ఒక వంక దొరికించడం. 2014లో మన దేశానికొచ్చిన కేటీఎం ఆర్సీ 390ది 373 సీసీల్లో 43 గుర్రాల దమ్ము, కానీ సింగిల్ సిలిండరు, చేతులు తిమ్మిరెక్కుతాయట. కవాసాకీ నింజా 300కి రెండు సిలిండర్లున్నాయి, కానీ 2013 నుంచి దాదాపు అదే మొహం. యమహా ఆర్3 అన్నీ బాగున్న బండి, ఆ ధరకి మాత్రం కాదట. టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 దగ్గర కాస్త ఆగారు, ఎందుకంటే దాని మీటరులో రెయిన్, అర్బన్, స్పోర్ట్ పక్కన ట్రాక్ అనే మోడ్ ఉంది. టెస్ట్ రైడులో మియాపూర్ సిగ్నల్ నుంచి ఒక గుడి దగ్గర ప్రసాదం పంచే చోటు దాకా ట్రాక్ మోడ్‌లోనే వెళ్లొచ్చారు. తర్వాత పక్కింటబ్బాయి అదే బండి కొన్నాడు, దాంతో ఆ వరుస షీటులోంచి మాయమైంది.

2023 డిసెంబరులో ఎప్రిలియా ఆర్ఎస్ 457 వచ్చినప్పుడు ఆయన కుటుంబానికి నిజంగా భయం వేసింది. రెండు సిలిండర్లు, 47 గుర్రాలు, 175 కిలోలు, నాలుగు లక్షల పది వేల ఎక్స్ షోరూం ధర. వంకలన్నీ ముందే తీర్చి పంపినట్టుంది. 270 డిగ్రీల క్రాంకు వల్ల ఇంజను శబ్దం ఎందుకలా ఉంటుందో అత్తగారికి కూడా చేతివేళ్లతో పిస్టన్లు చేసి చూపించారు. "బాగుంది బాబూ, వెనక కూర్చోడానికి చోటేదీ?" అని ఆవిడ అడిగింది. రెండు వారాల తర్వాత, ఏ బండైనా మొదటి బ్యాచి కొనకూడదన్న నియమం గుర్తొచ్చి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండో బ్యాచి వచ్చేసరికి ఇంకేదో కొత్త బండి వార్త వచ్చింది. ఎప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. కంపెనీలు ఆయన్ని ఎప్పటికీ నిరాశపరచవు.

యమహా ఆర్15కి ఆ షీటులో వరుసే లేదు. అది కాలేజీ పిల్లల బండి. 155 సీసీలు, 18 గుర్రాలు, 140 కిలోల పైచిలుకు బరువు. ట్రాకు మీద చాలామంది పిల్లలు రేసింగ్ నేర్చుకునేది దీనిమీదే.

రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ వీధుల అవతల ఒక మెకానిక్ ఉంటాడు. పెద్దమనిషి షీటు ప్రింటు తీసి పట్టుకెళ్తే, నూనె చేతులతో అందుకోవడం ఇష్టం లేక దూరం నుంచే చూస్తాడు. "అన్నా, ఏం బండి అనేది తర్వాత. సాలుకు ఎన్నిసార్లు పోతవ్ ట్రాక్‌కు? రెండుసార్లా? పాత ఆర్15 సాలు. ఫెయిరింగ్ పగిలింది చూస్కొని కొను, పడ్డా దిల్‌కు తగలదు" అంటాడు. ఈ విషయంలో ఇంతకంటే మంచి సలహా ఏ షీటులోనూ లేదు. ట్రాకు బండి పడుతుంది. పడితే ముందు పోయేది ఫెయిరింగ్ అనే పైతొడుగు, తర్వాత లివర్లు, పెగ్గులు. అందుకే అనుభవజ్ఞులు కంపెనీ ప్లాస్టిక్‌ను విప్పి అటక మీద దాచి, చవక ఫైబర్ తొడుగు బిగిస్తారు. అద్దాలు తీసేస్తారు, హెడ్‌లైటు పగిలి గాజు చిందకుండా దానికి టేపు చుడతారు. కూలెంటు ఒంపేసి మామూలు నీళ్లు పోస్తారు, ఎందుకంటే కూలెంటులోని గ్లైకాల్ ఒలికితే వెనక వచ్చేవాళ్లు జారతారు. బ్రేకు ఫ్లూయిడ్ పాతదైతే తేమ పీల్చి, వేడికి త్వరగా మరిగి, లివర్ చేతికి మెత్తగా వచ్చేస్తుంది కనుక అది మార్చాలి. మిగిలిన డబ్బంతా టైర్లకి. మెకానిక్ ఈ మాటలన్నీ ఒక చెయిను బిగించేలోపు చెప్పేస్తాడు. పెద్దమనిషి అన్నీ శ్రద్ధగా రాసుకుని, వెనక్కొచ్చాక షీటులో "టేపు వెడల్పు" అని ఒక గడి కలుపుతారు.

బీమా సంగతి ఆయనకు ఎవరూ చెప్పరు, ఆయన చదవరు. మన దేశపు మోటారు పాలసీల్లో వాహనాన్ని దేనికి వాడరాదో చెప్పే చోట రేసింగ్, వేగ పరీక్ష వగైరాలు ఉంటాయి. ట్రాకులో విరిగినది సొంత ఖర్చే. నంబరు ప్లేటు విప్పేసిన బండిని ఆరొందల కిలోమీటర్ల అవతలికి రోడ్డు మీద తోలుకుపోలేరు, పికప్ వ్యాను మాట్లాడుకోవాలి. షీటులో వ్యానుకీ వరుస లేదు.

కొందరు బండి లేకుండానే ఒకసారి ట్రాకు చూసొస్తారు, స్నేహితుడి బండి మీదో అద్దె బండి మీదో. అప్పుడు జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. తిన్నటి దారిలో ఆర్15 మీదున్న ఒక బక్కపిల్లాడిని పెద్దమనిషి దర్జాగా దాటుతారు. మొదటి మలుపు కనిపించగానే బ్రేకు పడుతుంది, ఇంకోసారి పడుతుంది. ఆ పిల్లాడు బ్రేకు ఊసే ఎత్తకుండా బయటివైపు నుంచి చుట్టి, మోకాలు గీసుకుంటూ ముందుకెళ్లిపోతాడు. ఇలా సెషను పొడుగునా. చివర్లో పిట్‌లో హెల్మెట్ తీసిన ఆ పిల్లాడికి మీసం కూడా సరిగా మొలవలేదని తెలుస్తుంది. "అంకుల్, మీ బండి సూపర్" అంటాడు వాడు, నిజంగానే. పెద్దమనిషి వంగి తన వెనక టైరు చూస్తారు. అంచున రెండు వేళ్ల వెడల్పున టైరు నేలకు తగలనేలేదు, కొత్త టైరు నూగు అలాగే మెరుస్తోంది. పిల్లాడి టైరు అంచుదాకా గరుకెక్కింది. టైరు కాంపౌండు తేడా అని అక్కడికక్కడే తీర్మానమవుతుంది. సాయంత్రం పార్కింగులో ఎవరూ చూడకుండా ఆ అంచులను ఇటుక ముక్కతో రుద్దినవాళ్లు కూడా ఉన్నారు.

ఆఖరికి కొనేది ఏమిటన్నది పలురకాలు. కొంతమంది నడుము నొప్పి అనే నిజాన్ని ఒప్పుకుని నిటారుగా కూర్చునే టూరింగ్ బండి కొని, అనంతగిరి ఘాటు దాకా పొద్దున్నే వెళ్లి ఇడ్లీ తినొస్తారు. అతి కొద్దిమంది మెకానిక్ మాట విని పగిలిన ఆర్15 కొంటారు, వాళ్లు ఏడాది తిరిగేసరికి బాగా నడుపుతారు, ఈ వ్యాసానికి పనికిరాకుండా పోతారు. ఎక్కువమంది మాత్రం ఏదో ఒక దసరా ఆఫరులో షీటులో నాలుగో స్థానంలో ఉన్న బండిని, రంగు నచ్చి, తొందరపడి కొనేస్తారు. అది సెల్లారులో కవరు కింద ఉంటుంది, నెలకోసారి బ్యాటరీ చార్జింగుకు బయటికొస్తుంది. రెండేళ్ల తర్వాత ఇంకో మోడల్ వచ్చినప్పుడు దాన్ని అమ్మకానికి పెడతారు. ప్రకటనలో మొదటి వాక్యం, "సింగిల్ ఓనర్, ట్రాకు మీద ఒక్కసారి కూడా నడపలేదు" అని. కొనేవాళ్లు ఇలాంటి మాటను ఎప్పుడూ అనుమానిస్తారు కానీ, ఈ బండి టైర్లు చూశాక బేరమాడకుండా అడిగిన ధర ఇచ్చేస్తారు.