రిఫరీగారి ఒంటి పట్టా

బెజవాడ జంక్షన్‌లో రైలెక్కినవాడు కాజీపేట, గూడూరు, విశాఖ, గుంటూరు, గుడివాడ – ఐదు దిక్కుల్లో ఎటైనా పోవచ్చు. అదే బెజవాడలో, భవానీపురంలోని ఒక రెండో అంతస్తు ఫ్లాటు నుంచి ఆదివారం మధ్యాహ్నం బయల్దేరే రైలు మాత్రం ఒక్క దిక్కుకే పోతుంది. డ్రైవరు, గార్డు, టీసీ అన్నీ మా రిఫరీగారే. ప్రయాణికులం ఐదుగురం. టికెట్టు మీద మాత్రం 'సంపూర్ణ స్వేచ్ఛ' అని అచ్చేసి ఉంటుంది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. బల్ల చుట్టూ కూచుంటాం. ఒకడు దొంగ, ఒకడు మంత్రగాడు, ఒకడు కత్తివీరుడు. ఎదురుగా ఏముందో రిఫరీ చెబుతాడు, ఏం చేస్తామో మేం చెబుతాం, తేలనిచోట పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మూడు చిన్న పుస్తకాలుగా పెట్టెలో పెట్టి అమ్మిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి మూలం. మా రిఫరీగారు తనది ఆ పాతకాలపు పద్ధతే అంటారు. అంటే లోకం కట్టడం ఆయన పని, అందులో బతకడమో చావడమో మా పని. "మీ ఇష్టం, ఏమైనా చెయ్యండి" అన్నారు మొదటిరోజే ఉదారంగా, జెరాక్సు షాపులో స్పైరల్ బైండింగు చేయించిన నలభై పేజీల కథ ఒళ్లో పెట్టుకుని.

కొండపల్లి ఖిల్లా కింద సొరంగం ఉందట, అందులో రాజుగారి హారం ఉందట, తెచ్చిపెట్టమన్నాడు కథలో గ్రామపెద్ద. మాలో దొంగ వేషం వాడికి హారం మీదకు మనసు పోలేదు. "పడవ మాట్లాడుకుని హంసలదీవి దాకా పోయి ఉప్పు బేరం చేద్దాం రా" అన్నాడు. రిఫరీగారి మొహం మాడింది.

"పడవలు లేవు."

"ఒక్కటి కూడానా?"

"వరదకి కొట్టుకుపోయాయి."

"అయితే గట్టు మీద నడుస్తాం."

"గండి పడింది."

"గుర్రాలు?"

"రాజుగారు యుద్ధానికి తోలుకుపోయారు."

ప్రకాశం బ్యారేజీకి ఉన్నవి 70 గేట్లే. మా రిఫరీగారు ఆ పూట 71 దించేశారు. చచ్చినట్టు ఖిల్లాకే పోయాం.

సొరంగం చివర దుష్టమాంత్రికుడు దొరికాడు. దొరికాడంటే, ఉపన్యాసం అందుకున్నాడు. రెండో పేజీ నడుస్తుండగా నేను నూనెకుండ విసిరి కాగడా అంటించానన్నాను. "ఆయన మాటలు పూర్తయ్యేదాకా నిప్పంటుకోదు" అన్నారు రిఫరీగారు. అగ్నిహోత్రుడు కూడా నోట్సు చదువుకునే వచ్చాడన్నమాట! ఉపన్యాసం ముగిశాక ఇరవై ముఖాల పాచిక వేస్తే నాకు ఇరవై పడింది. మాంత్రికుడు తప్పుకున్నాడో లేదో తేల్చడానికి ఆయన శుభలేఖల అట్టపెట్టె చాటున పాచిక దొర్లించి, "పదిహేడు! తప్పించుకున్నాడు" అన్నారు. అప్పుడే వెనకనుంచి పునుగుల పళ్లెంతో వచ్చిన వాళ్లమ్మగారు వంగి చూసి, "మూడే కదరా పడింది?" అన్నారు. ఆ గదిలో పాతకాలపు రిఫరీ ఎవరన్నా ఉంటే ఆవిడే. శకుని పాచికలు మోసపు పాచికలే కావచ్చు గానీ, పాపం, నిండు సభలో అందరి ముందూ వేశాడు. అట్టపెట్టె అడ్డం పెట్టుకోలేదు.

ఈ జబ్బు భవానీపురంలో పుట్టింది కాదు. ఆటగాళ్లను పట్టాల మీద నడిపించడానికి ఇంగ్లీషువాళ్లు 'రైల్‌రోడింగ్' అని పేరే పెట్టుకున్నారు. 1984లో మొదలైన 'డ్రాగన్‌లాన్స్' సాహసాల్లో కథకు కావలసిన పాత్ర చస్తే శవం దొరక్కుండా చూసుకోమని రిఫరీలకు సలహా కూడా ఇచ్చారు. మన సాయంత్రపు సీరియళ్లవాళ్లకు ఈ కిటుకు ఒకరు నేర్పాలా?

అసలు ఈ ఆటలకు బీజం పడ్డదే రిఫరీ ప్లాను తలకిందులవడంతో. 1960ల చివర మినెసోటాలో డేవ్ వెస్లీ అనే ఆయన నెపోలియన్ కాలపు యుద్ధాల ఆటలో బ్రౌన్‌స్టైన్ అనే ఊహాపట్నం కల్పించి, వచ్చినవాళ్లకు తలా ఒక పాత్ర ఇచ్చాడు. సైన్యాలు బల్ల మీదకు రాకముందే జనం ఎవరిష్టం వాళ్లు తిరిగారు, గూడుపుఠాణీలు చేశారు, ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి దిగారు. ఆట చెడిందనుకుని వెస్లీ తల పట్టుకున్నాడు. ఆడినవాళ్లు మళ్లీ పెట్టమని వెంటపడ్డారు! వాళ్లలో ఒకడే ఆర్నెసన్. అంత దూరం ఎందుకు, 1951 నాటి 'పాతాళభైరవి' చూడండి. నేపాళ మాంత్రికుడి దగ్గర స్క్రిప్టు సిద్ధంగా ఉంది: చివరి సీనులో తోట రాముడు బలి. రాముడు ఆ పేజీ తిప్పేసి మాంత్రికుణ్నే బలిచ్చాడు. మా ఫ్లాటులో అయితే ఆ కత్తికి పదును లేదనేవారు.

తప్పంతా ఆయనదే అని నేననను. మాలో నలుగురం రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ వెలగబెట్టినవాళ్లం, స్టడీ అవర్లో తల తిప్పాలన్నా వార్డెన్ మొహం చూసినవాళ్లం. ఓ వారం ఆయనకు జ్వరమొస్తే మంత్రగాడు రిఫరీగా కూచుని, ఉత్త పటం పరిచి, "ఎటు పోతారు?" అన్నాడు. కాసేపు ఫ్యాను చప్పుడే. చివరికి మా కత్తివీరుడు గొంతు సవరించుకుని, "ఎటు పోతే మార్కులొస్తాయి?" అన్నాడు.

జవాబు పాత పుస్తకాల్లోనే ఉంది. బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో మార్కు. రాక్షసుణ్ని చంపితే వచ్చేది చిల్లర. కాబట్టి వాడు నిద్రపోతుండగా మూట ఎత్తుకొస్తే చాలు. ఎదురుపడ్డవాడు మీదపడతాడో, కుశలమడుగుతాడో కూడా రెండు పాచికలు చెబుతాయి. 1981 నాటి బేసిక్ పుస్తకం ప్రకారం పన్నెండు పడితే స్నేహమే. ఏం జరగబోతోందో రిఫరీకీ తెలియదు. ఆ తెలియకపోవడమే మా ఆయనకు గొంతులో వెలక్కాయ.

రిఫరీగారూ, వచ్చే ఆదివారం ఆ స్పైరల్ పుస్తకం అటక మీద పడెయ్యండి. అట్టపెట్టె అమ్మగారికిచ్చేస్తే పప్పులు పోసుకుంటారు. పాచిక బల్ల మధ్యలో వెయ్యండి, మేం చస్తే చస్తాం. హంసలదీవికి పడవ ఎంతవుతుందో మాత్రం కనుక్కుని చెప్పండి.