చేతులు లెక్కపెట్టిన వేసవి

ఆ పిల్లలకు దేవుణ్ణి తీసుకెళ్తున్నాననుకున్నాను. నా మూర్ఖత్వమంతా ఆ ఒక్క తలంపులో ఉంది.

హైదరాబాదులో మా సంఘం యువజనులు వేసవిలో విజయవాడ కాలువ గట్టు పేటకు మిషన్ ట్రిప్ వేశారు. కొద్ది రోజుల వీబీయస్, అంటే వెకేషన్ బైబిల్ స్కూల్. షామియానా కింద పాటలు, కథలు, కంఠస్థ వాక్యాలు, చివరి రోజు బహుమతులు. చిన్నప్పుడు నేనూ అలాంటి వీబీయస్‌లలోనే పెరిగాను కాబట్టి ముందుగా పేరిచ్చాను, పాఠం చెప్పే బాధ్యతా తీసుకున్నాను.

దేవుడు నాకంటే ముందే అక్కడ ఉన్నాడు. గట్టు మీద రేకుల గదిలో ఆదివారం ఆదివారం సండే స్కూల్ నడిపే ఒక అక్క ఉంది. వారమంతా ఇళ్లలో అంట్లు తోమి, ఆదివారం పిల్లల్ని పోగేస్తుంది. ఏ పిల్లాడికి మూర్ఛ వస్తుందో, ఏ ఇంట్లో తండ్రి తాగొచ్చి కొడతాడో, ఎవరు అన్నం తినకుండా వచ్చారో ఆమెకు తెలుసు. నేను ఆమెకు అప్పగించిన పని మజ్జిగ ప్యాకెట్లు పంచడం. "మీరే చెప్పండి సిస్టర్, మీరు చదువుకున్నోళ్లు" అంది. నేను దాన్ని అనుమతి అనుకున్నాను. ఆమెకు నోరు లేకుండా చేస్తున్నానని తట్టలేదు.

నా చేతిలో పదాల్లేని పుస్తకం ఉంది, పుటలన్నీ రంగులే. 1866లో లండన్‌లో బోధకుడు స్పర్జన్ నలుపు, ఎరుపు, తెలుపు పుటలతో చేసిన ప్రసంగం నుంచి వచ్చింది. 1875లో సువార్తికుడు మూడీ బంగారు రంగు కలిపాడు, ఆకుపచ్చ ఆ తరవాతిది. చదువు రానివాళ్లకూ సువార్త అందాలన్న తపన నుంచి పుట్టింది గనుక ఆ పుస్తకాన్ని తీసిపారేయను. నల్ల పుట తెరిచి, ఇది పాపంతో నిండిన హృదయం అన్నాను. తెల్ల పుట చూపించి, యేసు కడిగితే ఇలా అవుతుంది అన్నాను. ముందు కూర్చున్న పాప తన ముంజేయి చూసుకుంది. నా చేయీ చూసింది.

"అక్కా, నల్లగా ఉంటే దేవుడికి ఇష్టముండదా?"

ఒంటి రంగు గురించి, కులం గురించి, పేట పేరు గురించి ఆ పిల్లలు బళ్లోనూ బజారులోనూ ఎన్ని మాటలు పడి వస్తారో ఒక్క క్షణం ఆలోచించినా అక్కడే ఆగిపోయేదాన్ని. పరమగీతంలో తాను నల్లనిదాననీ అందగత్తెననీ తానే చెప్పుకునే అమ్మాయి ఉంది. ఆ పాపను దగ్గరికి తీసుకుని ఆమె కథ చెప్పాల్సింది. "కాదమ్మా, ఇది గుండె గురించి" అని పుట తిప్పేశాను. తరవాత పాటకు టైమవుతోంది. ఆ పాప పేరైనా అడగలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది.

చివరి రోజు స్కూలు బ్యాగులు బల్ల మీద పేర్చి, యేసును అంగీకరించేవాళ్లు చేతులెత్తండి అన్నాను. అందరూ ఎత్తారు. నేను లెక్కపెట్టుకుని వచ్చి సంఘంలో చదివితే చప్పట్లు కొట్టారు. ఆ తరవాత ఫొటోల కోసం అక్కకు ఫోన్ చేసినప్పుడు అడిగాను, పిల్లలు విశ్వాసంలో నిలబడ్డారా అని. అంతకుముందు వచ్చినవాళ్లకూ ఆ పిల్లలే చేతులెత్తారట. "చుట్టాలు అడిగితే కాదనకూడదని మేమే నేర్పాం సిస్టర్" అంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఇంకా నెమ్మదిగా చెప్పింది: ఆదివారం పిల్లలు వచ్చీ రాగానే ఈ వారం ఏమిస్తారని అడుగుతున్నారు, ఏమీ లేదంటే కొందరు రావడం మానేశారు. ఆమె దగ్గర ఇవ్వడానికి బ్యాగులెక్కడివి? ఏళ్ల తరబడి ఆమె సంపాదించుకున్న పిల్లల్ని నేను బ్యాగులతో చెడగొట్టి వచ్చాను.

ఇది తప్పని నాకు తెలియకపోలేదు. మాది ఒంగోలు వైపు. అమెరికన్ మిషనరీ క్లాఫ్ దొర గురించి మా నాయనమ్మ చెప్పని రోజు లేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం మూడున్నర మైళ్ల మేర కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో మాడేవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం ఎవరూ రాకూడదని. సాయం ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. మా ఇళ్లలో ఆ అంకె పసిపిల్లలకూ తెలుసు. ఆయన ఆగిన నెలలే అందులో గొప్పవని నాకు ఇప్పుడనిపిస్తోంది. నేను బ్యాగులు ఎదురుగా పెట్టి మరీ చేతులెత్తమన్నాను.

తరవాత దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మిషనరీల ఎదుటే చెప్పాడు: మీ త్యాగానికి కృతజ్ఞులం, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది ఆయన మాట సారాంశం. అది తెల్లవాళ్లకు చెప్పిన మాట అనుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. ఒకే భాష మాట్లాడినా, ఒకే రంగు టీషర్టులేసుకుని ఏసీ వ్యానులో దిగిన మేం ఆ గట్టు మీద దొరలమే.

ఈసారి మా కమిటీ ముందు ఒక మాట పెట్టాను. వ్యానుకూ టీషర్టులకూ అయ్యే డబ్బు ఏడాది పొడుగునా ఆ సండే స్కూలుకు పంపుదాం. ఎలా ఖర్చుపెట్టాలో అక్క నిర్ణయిస్తుంది. పాఠం ఆమే చెప్తుంది. మేం వెళ్తే చాపలు పరిచి, మజ్జిగ పంచుదాం. చేతులెత్తించవద్దు. సగంమంది సరే అన్నారు. మరి రిపోర్టులో ఏం రాస్తామని మిగతావాళ్లు అడిగారు. రిపోర్టు అక్కనే అడుగుదాం, ఆమె చెప్పింది రాద్దాం అన్నాను. ఇంకా తేలలేదు. మే నెల వచ్చేలోగా తేల్చాలి.