నల్లబల్ల ఆత్మకథ

నేను నల్లబల్లని. చివర ఆ ‘ని’ చూశారా, నా కథంతా దాని చుట్టూనే.

పల్లెటూరి హైస్కూల్లో ఆరో తరగతి గోడకు నన్ను మేకులేసి బిగించారు. ఏటా బడి తెరిచే ముందు బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి ఒళ్లంతా రుద్దేవారు. ఆ తడి ఆరీ ఆరకముందే ఇంగ్లీషు మాస్టారొచ్చి మూడు గళ్లు గీసేవారు. ఐ పక్కన యామ్. హీ, షీ, ఇట్ పక్కన ఈజ్. వుయ్, యూ, దే పక్కన ఆర్. పిల్లలు ఎక్కాల్లా రాగం తీసి అప్పజెప్పేవారు. మర్నాడు నా మీద ‘హీ మై ఫ్రెండ్’ అని రాసేవారు. తొడపాశం. ఆ భయంతో ఇంకోసారి అవసరం లేనిచోటా పెట్టేసేవారు: ‘ఐ యామ్ గో టు స్కూల్’. మళ్లీ తొడపాశం.

పాపం, ‘వాడు నా స్నేహితుడు’ అన్నదాంట్లో క్రియ ఎక్కడుంది, వాళ్లు వెతికి తేవడానికి? ‘డాక్టరు కాదు’, ‘ఇంట్లో లేడు’ అని మనం విడదీసి చెప్పే రెంటికీ ఇంగ్లీషులో ‘ఈజ్ నాట్’ ఒక్కటే. ఇందులో మాత్రం మనదే పైచేయి అంటాను.

ఓరోజు ఇంగ్లీషు మాస్టారు సెలవు పెడితే తెలుగు మాస్టారొచ్చారు. ఆ గళ్లు చెరపలేదు. పక్కనే రాశారు: నేను పిల్లాణ్ణి. నువ్వు పిల్లాడివి. మేం పిల్లలం. వాడు పిల్లాడు.

“ఒరే, యామ్ మనకీ ఉందిరా. తోకలా పేరుకే అతుక్కుంది. ఈజ్‌కే తోక లేదు” అన్నారు. తర్వాత ఓ మగపిల్లాడి చేత ‘నేను విద్యార్థిని’ అని చదివించారు. ఆడపిల్లలు పడీ పడీ నవ్వారు. యామ్‌కి ‘అస్మి’, ఈజ్‌కి ‘అస్తి’ సంస్కృతంలో దాయాదులని కూడా రాశారు.

వెనక బెంచీ పిల్ల లేచింది. “మాస్టారూ, యూ అంటే ఒక్కరే కదండీ, ఆర్ ఎందుకండీ?”

“మీ తాతయ్య ఒక్కరే కదమ్మా, మరి ‘మీరొచ్చారు’ అంటావేం? ఇంగ్లీషువాళ్లకూ ఒకప్పుడు ‘దౌ’ అని నువ్వు ఉండేది. దాని వెంట ‘ఆర్ట్’ వచ్చేది. మర్యాదలు ముదిరి అందరూ మీరైపోయారు.”

ఇప్పుడా గోడకు డిజిటల్ తెర వచ్చింది. నన్ను వంటషెడ్డు పక్క వరండాలో ఆనించారు. వంటచేసే ఆవిడ రోజూ సుద్దముక్కతో నా మీద రాస్తుంది. ఇవాళ రాసింది: అన్నం, పప్పు, గుడ్డు. ఒక్క క్రియా లేదు. పిల్లలు దూరం నుంచే చదువుకుని పళ్లాలు కడుక్కుంటున్నారు.