చర్విత చర్వణ శాస్త్రం

నమిలినదాన్నే మళ్లీ నమలడాన్ని చర్విత చర్వణమంటారు. చెప్పిందే చెప్పే వక్తలకూ, రాసిందే రాసే కవులకూ ఈ మాటను నిందావాచకంగా అంటగట్టి, దానికి వాచ్యార్థమొకటి ఉన్నదన్న సంగతినే మన సాహిత్యలోకం విస్మరించింది. రసాస్వాదాన్ని చర్వణ అని వ్యవహరించిన అభినవగుప్తుణ్ణి ఆలంకారికులు తలకెత్తుకున్నారే గాని, ఆ శబ్దానికి ఆధారమైన దవడల వ్యాపారాన్ని వ్యాఖ్యానించిన పాపాన పోలేదు. చూయింగ్ గమ్ వంటి గహనవిషయానికి తెలుగులో ఒక లక్షణగ్రంథం లేకపోవడం అందుకే. ఆ లోపాన్ని కొంతైనా పూరించడమే ఈ వ్యాస ప్రయోజనం.

1. లక్షణ ప్రకరణం

ఏది నమిలితే ద్రవ్యం తరగదో, ఆకలి తీరదో, రసం మాత్రం ఊరుతుందో అది శుద్ధ చర్వణం. తాంబూలానికి ఈ లక్షణం వర్తించదు: అక్కడ ఆకూ వక్కా నలిగి నశిస్తాయి, పైగా వక్క నోటి క్యాన్సర్‌కు కారకమని తేలిపోయినందువల్ల దాన్ని శాస్త్రపంక్తిలో కూర్చోబెట్టడానికి మనసొప్పదు. చెరకుకూ వర్తించదు: అక్కడ రసం గడది గాని నమిలేవాడిది కాదు. గేదె నెమరుకు అసలే వర్తించదు. అది మింగినదాన్ని తిరిగి నోటికి తెచ్చుకుంటుంది, మన సాధకుడు మింగడమనే తొలిమెట్టే ఎక్కడు.

2. ద్రవ్య ప్రకరణం

ఈ విద్య అర్వాచీనమని ఆక్షేపించేవారు డెన్మార్క్ వైపు దృష్టి సారించాలి. అక్కడి లోలండ్ ద్వీపంలో దొరికిన భూర్జవృక్షపు జిగురుముద్ద సుమారు 5,700 ఏళ్ల నాటిది. దాన్ని నమిలిన స్త్రీ సంపూర్ణ జన్యుపటాన్ని శాస్త్రజ్ఞులు 2019లో ఆ ముద్దలోంచే రాబట్టారు. ఆమె నోటి సూక్ష్మజీవుల జాడలే కాక, బాతు, హేజెల్ కాయల ఆనవాళ్లు కూడా అందులో బయటపడ్డాయి. భూర్జపత్రం మీద మనవారు గ్రంథాలు రాసి భద్రపరిచారు, వారు అదే జాతి చెట్టు జిగురును నమిలి పారవేశారు. చివరికి పండితులు రెంటినీ చదివారు.

మాయా జాతీయులు నమిలిన చికిల్ మరేదో కాదు, మన పెరటి సపోటా చెట్టు పాలే. ఆ పాలతో రబ్బరు చేయబోయి విఫలుడైన న్యూయార్క్ వాసి థామస్ ఆడమ్స్, 1871లో గమ్ తయారుచేసే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. మాగని సపోటా కాయ కొరికి, పెదవులు అంటుకుపోయి, ఇంట్లో చీవాట్లు తిన్న ప్రతి తెలుగు బాలుడూ తనకు తెలియకుండానే ఈ సంప్రదాయంలో దీక్ష పుచ్చుకున్నవాడు. నేటి గమ్‌లో చికిల్ స్థానాన్ని చాలామటుకు కృత్రిమ పాలిమర్లు ఆక్రమించాయి. దవడకు ఆ భేదం తెలియదు గనుక శాస్త్రానికి హాని లేదు.

3. రస ప్రకరణం

నోట ఊరే ద్రవం ఒకటే అయినా, ఉనికిని బట్టి తెలుగులో దానికి పంచావస్థలు. నోట నిలిచి ఉన్నంతసేపు లాలాజలం. ఆవకాయ జాడీ మూత తీయగానే ఊరితే నోటినీళ్లు. పసిబిడ్డ గడ్డం మీదికి జారితే చొంగ. నేల మీద పడితే ఉమ్మి. కంచానికి తగిలితే ఎంగిలి. ఈ ఐదింట మొదటి రెంటికే ఇక్కడ అధికారం. తక్కిన మూడూ ధర్మశాస్త్రానికీ, మునిసిపాలిటీకీ సంబంధించినవి.

ఇక లాలాజలం స్థాయి, ఉద్దీప్తమని ద్వివిధం. ఊరక కూర్చున్నవాడి నోట నిమిషానికి సుమారు 0.3 మిల్లీలీటర్లు ఊరేది స్థాయి. నిద్రలో అదీ దాదాపు అడుగంటుతుంది. గమ్ నోట పడిన తొలి నిమిషాలలో దానికి సుమారు పదింతలు పొంగేది ఉద్దీప్తం. ఉద్దీపనకు హేతువులు రెండు: రుచి, దవడల కదలిక. రుచి చంచల, కొద్ది నిమిషాలలో వీడిపోతుంది, ప్రవాహమూ దానితోపాటు సన్నగిల్లుతుంది. అయినా దవడ ఆడినంతసేపూ అది స్థాయికి మించే ఉంటుంది. స్థాయిదశలో భారమధికంగా మోసేవి అధోజంభికా గ్రంథులు. నమలడం ఆరంభం కాగానే చెవుల ముందరి పెరోటిడ్ గ్రంథులు పెత్తనం అందుకుంటాయి. ప్రవాహం హెచ్చేకొద్దీ అందులో బైకార్బనేట్ హెచ్చి, రసం క్షారగుణం సంతరించుకుంటుంది.

ఈ గుణం ఎందుకు ప్రశస్తమో విందుభోజనం చేసినవారు సులభంగా గ్రహిస్తారు. మైసూర్‌పాక్ గొంతు దిగిన కొద్ది నిమిషాలకే పళ్ల పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ సుమారు 5.5 దిగువకు జారితే పంటి పింగాణి పొర కరగనారంభిస్తుంది. ఈ పతనాన్నీ, నిదానంగా కోలుకోవడాన్నీ 1940లలో రాబర్ట్ స్టీఫన్ ఒక వక్రరేఖగా గీశాడు. ఉద్దీప్తరసం ఆమ్లాన్ని శమింపజేసి, అన్నపు మెతుకులను కడిగివేసి, కాల్షియం, ఫాస్ఫేట్‌లను తిరిగి పంటికి అప్పగిస్తుంది. భోజనానంతరం చక్కెర లేని గమ్ 20 నిమిషాలు నమలాలన్న అమెరికా దంతవైద్యుల నియమానికి ఇదే మూలం.

"ఎంగిలి మింగుకుంటూ ఎంతసేపురా?" అని మా మేనత్త గద్దించేది. ఆ ప్రశ్నలో పూర్వార్ధం ఈ శాస్త్ర సర్వస్వం; ఉత్తరార్ధానికి సమాధానం ఇరవై నిమిషాలు. అప్పట్లో నాకు రెండూ తెలియవు.

4. మతభేద ప్రకరణం

చార్వాకులకు ఆ పేరు నమలడమనే అర్థమున్న 'చర్వ్' ధాతువు నుంచే వచ్చిందని ఒక వ్యుత్పత్తి ఉన్నది. అంతమాత్రాన వారిని మన మూలపురుషులుగా ప్రకటించడం సాహసం. ప్రస్తుతం ప్రచారంలో ఉన్న మతాలు నాలుగు.

(అ) సగుణవాదులు. తీపి ఉన్నంతవరకే నమిలి, అది తీరగానే ఉమ్మివేస్తారు. గమ్‌లో చక్కెర ఉన్నచో వీరు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే సూక్ష్మజీవికి సంతర్పణ చేసి, బ్రాహ్మణులకు దక్షిణ ఇవ్వవలసిన వేళకు పందిరి పీకినవారవుతారు.

(ఆ) నిర్గుణవాదులు. రుచి, వాసన, రంగు అన్నీ తొలగి, కేవలం జిగురు మిగిలిన పిమ్మటే అసలు చర్వణం మొదలని వీరి సిద్ధాంతం. ఈ వ్యాసకర్తది ఈ పక్షమే. ఇందులో తుర్కు శాఖ సూక్ష్మతరమైనది. ఫిన్లాండ్‌లోని ఆ నగరంలో 1970లలో జరిగిన పరిశోధనలు జైలిటాల్ అనే తీపి పదార్థపు మహిమను వెల్లడించాయి. నాలుకకు అది సగుణం, మ్యూటన్స్‌కు నిర్గుణం: తీపి చూసి లోపలికి తీసుకుంటుంది గాని, దాన్ని ఆమ్లంగా మార్చలేదు. విందుకు పిలిచి ఖాళీ విస్తరి వేసినట్టు.

(ఇ) బుద్బుదవాదులు. బౌద్ధుల క్షణికవాదానికి సమీపస్థులు. 1928లో ఫిలడెల్ఫియాలో జమాఖర్చులు రాసుకునే వాల్టర్ డీమర్ బుడగ నిలిచే గమ్‌ను సాధించాడు. చేతికందిన రంగు గులాబీ గనుక అదే కలిపాడు, నాటినుంచి అదే ఈ మతచిహ్నమైంది. బుడగ ఊదేటప్పుడు దవడ నిలిచిపోతుంది గనుక వీరిది రసభంగదోషం.

(ఈ) అఖండవాదులు. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా నమిలేవారు. వీరికి దవడకీళ్ల నొప్పి మొదటి ఫలం. గమ్‌లో చక్కెరకు బదులు వేసే సార్బిటాల్ మితిమీరితే విరేచనం రెండవది.

గమ్ నమిలినందువల్ల పళ్లు తోముకోనక్కరలేదనే ఐదవ మతమొకటి హాస్టళ్లలో వినవస్తుంది. అది పాషండం, ఖండనకైనా అర్హం కాదు.

5. నిక్షేప ప్రకరణం

నమలడం ముగిసిన ముద్దను విడిచే పద్ధతి నిక్షేపం. మింగడం ఉదరనిక్షేపం, అది ఏడేళ్లు కడుపులో ఉంటుందన్న బాల్యభయం నిరాధారం, సాధారణంగా కొద్ది రోజులలో బయటపడుతుంది. బల్ల అడుగున అంటించడం ఆసనాధోనిక్షేపం. దీని వల్ల తరువాతి విద్యార్థి మోకాలికి కలిగే అనుభవాన్ని ఏ ఆలంకారికుడూ రసాలలో చేర్చలేదు. సింగపూర్‌లో మెట్రో తలుపుల మీద కూడా నిక్షేపం జరగడంతో ప్రభుత్వం 1992లో గమ్ అమ్మకాన్నే నిషేధించింది. 2004 నుంచి వైద్యార్థమైన గమ్‌కు మాత్రం సడలింపు ఇచ్చింది.

కనుక గమ్ వచ్చిన కాగితంలోనే చుట్టి చెత్తబుట్టలో వేయడం ఉత్తమ నిక్షేపం. ఇంట్లో కుక్క ఉన్నవారు బుట్టకు మూత కూడా పెట్టుకోవాలి. మన పళ్లకు మేలు చేసే జైలిటాల్ దానికి విషం.