కరగని ఆస్తి

అమెరికాలో కొందరు బ్యాంకుకు వెళ్లి, 25 డాలర్లిచ్చి, ఒక పెట్టెడు పెన్నీలు ఇమ్మంటారు. కౌంటర్లో ఉన్నావిడ ఎగాదిగా చూస్తుంది. ఇవ్వకా తప్పదు. పెట్టెలో 50 రోల్స్, ఒక్కో రోల్‌లో 50 పెన్నీలు, వెరసి 2,500. బరువు ఆరు కిలోల పైమాటే. ఇంటికి మోసుకొచ్చి, భోజనాల బల్ల మీద గుమ్మరించి, ఇంట్లోవాళ్లు నిద్రపోయాక ఒక్కొక్కటే తిప్పి సంవత్సరం చూస్తారు. 1981 అయితే డబ్బాలోకి. 1983 అయితే ఛీ, సంచిలోకి. అర్ధరాత్రి దాటేసరికి వేళ్లన్నీ నల్లగా మసిబారి ఉంటాయి.

ఇంత తంటా దేనికంటే రాగి కోసం. 1982 మధ్య వరకూ పెన్నీలో 95 శాతం రాగి ఉండేది, తూకం 3.11 గ్రాములు. రాగి ప్రియమైపోవడంతో ప్రభుత్వం లోపల జింకు పెట్టి, పైన రాగి పూత పూసింది. తూకం 2.5 గ్రాములకు దిగింది. బొమ్మ మాత్రం అదే లింకన్, మెరుపూ అదే. వన్ గ్రామ్ గోల్డ్ గాజులు వేసుకుని పెళ్లికెళ్లినట్టే. 1982 అచ్చు ఉన్నవాటిలో రెండు రకాలూ కలిసిపోయాయి కనక వాటికి తూకమే గతి. కాటా లేనివాళ్లు గ్రానైట్ గట్టు మీద పడేసి చెవి ఒగ్గుతారు. రాగిది ఖంగుమంటుంది, జింకుది టప్పుమంటుంది.

జల్లెడ పట్టగా మిగిలిన జింకును ఏం చెయ్యాలి? తెచ్చిన బ్యాంకులోనే కట్టేస్తే, మర్నాడు తన పెన్నీలు తనకే తిరిగొచ్చే ప్రమాదం ఉంది. అందుకని అనుభవజ్ఞులు తెచ్చుకోవడానికొక బ్యాంకు, దింపుకోవడానికొక బ్యాంకు పెట్టుకుంటారు. రెండో బ్యాంకువాళ్ల దృష్టిలో ఈయన వారం వారం ఆరు కిలోల చిల్లర తెచ్చి పోసే పెద్దమనిషి. ఆ చిల్లర ఈయనకు ఎక్కణ్నుంచి వస్తోందో వాళ్లకు అంతుపట్టదు. గుడి హుండీ కాంట్రాక్టు ఏమన్నా ఉందేమోనని మనవాళ్లయితే అనుకునేవారు.

ఇక లాభం లెక్క. పెట్టెలో ఐదో వంతు రాగివి తగిలాయనుకుందాం. 500 నాణేలు, అందులో రాగి కిలోన్నరకు కాస్త తక్కువ. కిలో 10 డాలర్లు వేసుకున్నా 14 డాలర్లు దాటుతుంది. ముఖవిలువ 5 డాలర్లు పోగా తొమ్మిదికి పైనే లాభం! రెండు బ్యాంకులు తిరిగిన పెట్రోలు, రాత్రి పోయిన నిద్ర, పాత సామాన్ల వాడు కొట్టే కోత ఈ లెక్కలోకి రావు. సరదాకి ఖర్చు రాయకూడదట.

రానిది ఇంకొకటుంది, చట్టం. 2006 డిసెంబరులో అమెరికా టంకశాల పెన్నీలనూ, ఐదు సెంట్ల నికెల్ నాణేలనూ కరిగించడాన్ని నిషేధించింది. మీరితే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు, లేదా రెండూ. దేశం దాటించి కరిగిద్దామన్నా కుదరదు. మనిషి వెంట 5 డాలర్ల మేరకే పట్టుకెళ్లనిస్తారు. నాణేల సేకరణకో వినోదానికో అయితే 25 డాలర్లు. అంటే శంషాబాద్‌లో దిగే మనవాడి 23 కిలోల సూట్‌కేసులో రాగి పెన్నీలు ఏడువేలకు పైగా పట్టినా, మామూలుగా తేగలిగింది 500. మిగతా చోటు చాక్లెట్లకే. కాబట్టి గ్యారేజీలో డబ్బాల కొద్దీ ఉన్న ఆ ఆస్తి ముట్టుకోనంత కాలం మూడింతలు. ముట్టుకుంటే కేసు. ఖర్చుపెడితే మళ్లీ పెన్నీ పెన్నీయే.

పోనీ, లెక్కల్లో ప్రభుత్వం వీళ్లకన్నా గట్టిదా అంటే, 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక్కో పెన్నీ తయారీకి 3.69 సెంట్లు ఖర్చుపెట్టింది. ఆ ఒక్క ఏడాదిలో దీని మీద నష్టం 8.5 కోట్ల డాలర్ల పైచిలుకు. అయినా పెన్నీని ఆపొద్దని ఏళ్ల తరబడి వాషింగ్టన్‌లో లాబీయింగ్ చేసిన సంస్థ ఒకటుంది, అమెరికన్స్ ఫర్ కామన్ సెంట్స్. దాని వెనక నిలబడింది ఎవరయ్యా అంటే టంకశాలకు జింకు బిళ్లలమ్మే కంపెనీ. సామాన్యుడి నాణెం మీద అంత మమకారం మరెవరికుంటుంది?

రాగికి కరువు రావడం ఇదేం మొదలు కాదు. 1943లో యుద్ధానికి రాగి కావాల్సొచ్చి అమెరికా ఉక్కు పెన్నీలు కొట్టింది. అదే ఏడాది ఇక్కడ తెల్లదొరల సర్కారు కాణీ నడిమధ్య బెజ్జం పెట్టి లోహం మిగుల్చుకుంది. మన తాతల మొలతాళ్లకు వేలాడిన చిల్లికాణీ అదే. అక్కడ ఉక్కు పెన్నీల మధ్య పొరపాటున అచ్చయిన కొద్దిపాటి రాగివి బయటపడ్డాయి. డెన్వర్ టంకశాలలో పుట్టిన అలాంటిదొకటి 2010లో 17 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. రాగిపిచ్చి ఉన్నవాళ్లకు ఈ కథ చాలు, ఇంకో పదేళ్లు పెట్టెలు మోస్తారు.

అయితే పెట్టెలే దొరికేలా లేవు. 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో చలామణికోసం ఆఖరి పెన్నీలు కొట్టేశారు. నాణెం చెల్లుతుంది, కొత్తవి రావంతే. దాంతో కొందరి చూపు నికెల్ మీద పడింది. దాని తయారీకి 2024లో 13.78 సెంట్లయింది. పేరు నికెల్‌దైనా ముప్పాతిక భాగం రాగే. పైగా యుద్ధకాలపు వెండివి తప్పిస్తే ఏ ఏటిదైనా ఒకటే, ఏరాల్సిన పనే లేదు. సరిగ్గా అదే వేటగాళ్లకు రుచించడం లేదు. తిప్పి చూడ్డానికేమీ లేకపోతే రాత్రి పన్నెండింటిదాకా బల్ల దగ్గర కూర్చుని ఏం చేస్తారు?