రద్దీ లేని కొల్లేరు కావాలా?

మా నల్లజర్ల సెంటర్లో ఈ మధ్య కొత్త జబ్బొకటి పాకింది. ఎక్కడికి బయల్దేరినా "జనం లేనప్పుడు వెళ్దామండి" అంటున్నారు. తిరుపతికీ అదే మాట, ద్వారకా తిరుమలకీ అదే మాట, చివరికి కొల్లేటి సరస్సుకీ అదే మాట. ఇంతకీ జనం అంటే ఎవరయ్యా అంటే, మన కారులో చోటు దొరకనివాళ్లు.

ఈ జబ్బు అమెరికా నుంచి దిగింది. మా బావగారబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ డెత్ వ్యాలీ అని ఎడారిలో ఒక నేషనల్ పార్కు ఉంది. 1913 జులైలో 56.7 డిగ్రీల ఎండ కాసి ప్రపంచ రికార్డు కొట్టిన చోటు. నవంబరు నుంచి మార్చి దాకా చల్లగా ఉంటుంది కాబట్టి చాలామంది అప్పుడే ఎగబడతారు. జులైలో వెళ్లాలంటే ప్రాణం మీద తీపి ఉండకూడదు. తమాషా ఏమిటంటే, ఆ ఎండలోనూ థర్మామీటరు పక్కన నిలబడి ఫొటో దిగడానికి కొందరు వస్తారు. అబ్బాయి సెలవులన్నీ లెక్కగట్టి, వారం మధ్యలో తెల్లారకముందే వెళ్లొచ్చాడు. అది విన్న దగ్గర్నుంచి బావగారికి కొల్లేరు కూడా అలాగే చూడాలని పట్టుకుంది.

పంచాంగం ముందేసుకుని కూర్చున్నాం.

"కార్తీకంలో వెళ్దామా?" "వనభోజనాలోయ్. ఉసిరిచెట్టు కనబడితే చాలు, చాపలు పరిచేస్తారు." డిసెంబరు? పక్షులు నిండుగా ఉంటాయి, స్కూలు బస్సులూ నిండుగానే ఉంటాయి. సంక్రాంతి? హైదరాబాదు కార్లన్నీ కలపర్రు టోల్‌గేటు దగ్గర బారులు తీరతాయి. పందెం కోళ్లు చూసి అలిసిన కొత్తల్లుళ్లకి కాస్త పక్షుల్ని కూడా చూపించే బాధ్యత బావమరుదులది. ఫాల్గుణం? కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. అమ్మవారి దగ్గర జనం లేకపోతే అసలు జాతరెందుకు?

మిగిలింది మే నెల. అప్పుడు జనం ఉండరు. నీళ్లూ ఉండవు, వలస పక్షులూ ఉండవు. నేల నెర్రెలిచ్చిన చోట గేదెలు తిరుగుతుంటాయి. అమెరికా దాకా వెళ్లక్కర్లేకుండా ఎడారి మన గుమ్మంలోకే వస్తుంది. పోనీ వానాకాలం? బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఏలూరు-కైకలూరు రోడ్డు మీద నీళ్లు పారతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి వచ్చి పడింది కొల్లేటిలోనే. అలాంటప్పుడు రద్దీ ఎందుకుంటుంది? రోడ్డుంటే కదా!

దానికి తోడు 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా నల్లజర్ల తూర్పుగోదావరిలో పడింది, కొల్లేరేమో ఏలూరు జిల్లాలో ఉండిపోయింది. అంచేత ఇదిప్పుడు అంతర్ జిల్లా యాత్ర. ముహూర్తం గట్టిగానే ఉండాలని బావగారి పట్టుదల.

తర్జనభర్జనల తర్వాత డిసెంబరులో మంగళవారం ఖాయమైంది. మంగళవారం మనవాళ్లు ప్రయాణం పెట్టుకోరు కాబట్టి రద్దీ ఉండదన్నది బావగారి తర్కం. తెల్లవారుజామున బయల్దేరి కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రానికి చేరాం. నిజంగానే ఎవరూ లేరు. వెంటనే మా అక్కయ్యకి అనుమానం. "ఎవరూ లేరేంట్రా? మూసేశారా? పక్షులెగిరిపోయాయా?" బజ్జీల బండి లేదు, టీ లేదు. జనం లేరన్న ఆనందం పావుగంట కూడా నిలవలేదు. ఖాళీ హోటల్లో టిఫిన్ చెయ్యడానికి భయపడే జాతి మనది. ఖాళీ సరస్సుని నమ్ముతామా?

ఎదురుగా మాత్రం జాతర జరుగుతోంది. నీళ్ల మధ్య అటవీశాఖవారు పాతిన ఇనుప స్టాండ్ల మీద పెలికాన్లు గూళ్లు కట్టుకున్నాయి. ఒక గూటి పుల్ల ఇంకో గూటిలోకి పొడుచుకొచ్చేంత ఇరుకు. తల్లి వచ్చి వాలగానే పిల్ల దాని ముక్కు తెరిపించి, తల మొత్తం గొంతులోకి దూర్చేసింది. కాసేపటికి తల బయటికి తీసింది, చేప మింగిన ఆనవాలుగా మెడ కదిలింది. పక్క గూటివాడు రెక్క విప్పితే వీడి మొహానికి తగిలింది. ఎవరూ తగువు పడలేదు.

రద్దీ అంటే పెలికాన్‌కి భయం లేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేటి దగ్గర ఈ పక్షుల గూళ్ల స్థావరాన్ని కనుగొన్నప్పుడు అక్కడ దాదాపు 3,000 పెలికాన్లు ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ స్థావరమే లేకుండా పోయింది. ఆ రోజుల్లో ఇక్కడికి టూరిస్టు బస్సులు లేవు, సెల్ఫీలు అసలే లేవు. మరి పెలికాన్ భయపడాల్సిన జనం ఎవరు?

ఆ జనానికి ఆదివారం లేదు, సీజను లేదు. వాళ్లు చూడ్డానికి రారు, తవ్వడానికి వస్తారు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, అంటే ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని 1999లో ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కి అంతర్జాతీయ హోదా వచ్చింది. అప్పటికే సరస్సు నిండా చేపల చెరువులు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చారు. పొగ ఆరింది, గట్లు మళ్లీ లేచాయి. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించాలని అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మైకులు విరిచే సభలో ఏకాభిప్రాయం కుదిరిందంటే పాపం కొల్లేటికి ఎంత శక్తి ఉందో చూడండి. వరద నీళ్లు సముద్రానికి పోవడానికి ఉన్న ఒకే దారి ఉప్పుటేరు. దానికి అడ్డం పడేవాళ్లని మాత్రం ఎవరూ రద్దీ అనరు, రైతులంటారు. ఆ రైతుల్లో పొట్టకూటికి చేప పట్టే లంక గ్రామాలవాళ్లు ఎందరో, చెరువు లీజులు రాసుకునే పెద్దలెందరో వేరే లెక్క తియ్యాలి.

జనం బెడద పూర్తిగా తీరిన చోటు మన రాష్ట్రంలో ఒకటుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ బట్టమేక కనబడటం గగనమైంది. దాని చుట్టాలు కొన్ని జైసల్మేరు ఎడారి నేషనల్ పార్కులో మిగిలాయి. రోళ్లపాడుకి ఏ నెలలోనైనా వెళ్లొచ్చు, పక్షి కోసం వచ్చే జనం తాకిడి ఉండదు.

కాబట్టి పాఠక మహాశయులారా, కొల్లేటికి డిసెంబరు, జనవరి నెలల్లో పనిరోజున తెల్లారేసరికి చేరండి. సౌండు బాక్సు ఇంట్లో వదలండి. టీ ఫ్లాస్కులో తెచ్చుకోండి. పక్షులు చూశాక దారి పొడుగునా ఉన్న చెరువు గట్లని కూడా చూడండి. ఈసారి ఓటు అడగడానికి వచ్చిన పెద్దమనిషిని ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి: "అయ్యా, తమరు ఐదో కాంటూరా, మూడో కాంటూరా?"