అంకె లేకుండా పేరు పలకకండి

పేజ్‌మేకర్ ఉందా అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. ఏ పేజ్‌మేకరో తిరిగి అడగండి. 6.5లో పెట్టిన ఫైలు పేరు చివర పీ65 అని ఉంటుంది, 7.0లో పెట్టినదానికి పీఎండీ అని ఉంటుంది. పుస్తకమంతా 7.0లో పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, 6.5 ఉన్న ప్రెస్సుకి వెళితే ఆ ఫైలు తెరుచుకోదు. అను ఫాంట్లు 6.0వా, 7.0వా అన్నది మళ్లీ ఇంకో పేచీ. ఒక ఫాంటుకి కొట్టిన మేటర్‌ని మరో ఫాంటులోకి మారిస్తే శుభలేఖలో పెళ్లికొడుకు పేరే గల్లంతవుతుంది. ఎవరి కష్టమో అలా పోతుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే అంకె చెప్పని కస్టమర్ ఎంత పాత పరిచయమైనా సరే, కనుక్కుని రమ్మని వెనక్కి పంపండి. ముహూర్తం దగ్గరపడిందని బతిమాలినా కరగకండి.

పైథాన్ నేర్చుకునే పిల్లలకి మొదటి రోజే ఈ అలవాటు చేయండి. 7ని 2తో భాగించమంటే పైథాన్ 2.7 ఇచ్చే జవాబు 3. పైథాన్ 3లో అదే లైనుకి 3.5 వస్తుంది. 2008లో 3.0 వచ్చింది, పాతదానికి 2020 జనవరి 1తో మద్దతు ఆగింది. అన్నేళ్లూ రెండూ ఒకే పేరుతో పక్కపక్కనే తిరిగాయి. కాబట్టి బయోడేటాలో ‘పైథాన్ వచ్చు’ అని రాయనివ్వకండి, ‘పైథాన్ 3.11.4 వచ్చు’ అని రాయించండి. ఇంటర్వ్యూలో 3.12 మీద ప్రశ్న వేస్తే, అది తన బయోడేటాలో లేదని మర్యాదగా చెప్పి లేచి రమ్మనండి.

విండోస్ డబ్బా మీద రాసిన పేరుని మాత్రం నమ్మకండి. 3.1 దాకా బాగానే నడిచింది. 1995లో అంకె తీసేసి సంవత్సరం పెట్టారు. 2001లో ఎక్స్‌పీ అన్నారు, లోపల అది 5.1. విస్టా లోపల 6.0. 2009లో విండోస్ 7 అని అమ్మినది కూడా లోపల 6.1 మాత్రమే. 8 తర్వాత 9 రానేలేదు. 2021లో వచ్చిన 11లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘వీ ఈ ఆర్’ అని కొట్టి చూడండి. 10.0 అనే చెబుతుంది, దాని వెనక 22000 మొదలుకుని పెరుగుతూ పోయే బిల్డ్ నంబరు ఉంటుంది. చుక్కలతో సహా ఆ మొత్తాన్ని స్టిక్కర్ మీద రాసి సీపీయూకి అంటించండి. ఇంట్లో అందరూ ఆ కంప్యూటర్‌ని ఆ పేరుతోనే పిలవాలి. పెద్దవాళ్లకి నోరు తిరగకపోతే మొదటి వారం 10.0తో సరిపెట్టుకోవచ్చు.

స్టిక్కర్ అంటించగానే ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి. రాత్రికి రాత్రి అంకె మారిపోతే మీరు రాసిన పేరు తెల్లారేసరికి అబద్ధమవుతుంది. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతాయని భయపెడతారు. సంక్రాంతికోసారి, దసరాకోసారి తీరిగ్గా వేసుకుని, అప్పుడే స్టిక్కర్ కూడా మార్చండి. బ్రౌజర్లు ఈ క్రమశిక్షణకి లొంగవు. ఫైర్‌ఫాక్స్ 2011 మార్చిలో 4, జూన్‌లో 5, డిసెంబరుకల్లా 9. ఇప్పుడు వంద దాటింది. దానికి స్టిక్కర్లు చాలవు, మానిటర్ పక్కన పలక పెట్టుకోండి.

ఇక నేను చేతులెత్తి మొక్కే పేరు ఒకటుంది. డొనాల్డ్ క్నూత్ తన టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌ని సరిదిద్ది విడుదల చేసినప్పుడల్లా దాని నంబరులో పై (π) విలువలోని ఇంకో అంకె చేరుతుంది. 2021లో 3.141592653కి చేరింది. తన తదనంతరం అది అచ్చంగా పై దగ్గర నిలిచిపోవాలనీ, ఆపైన ఎవరూ మార్చకూడదనీ ఆయన ముందే చెప్పి ఉంచారు. ఉత్త ‘టెక్’ అనేసి ఊరుకోవడం అంత శ్రద్ధని అవమానించడమే. దశాంశ స్థానాలు తొమ్మిదీ పలకండి. మధ్యలో తడబడితే మళ్లీ మొదలుపెట్టండి.

మన తెలుగు యూనికోడ్ ఫాంట్లు చేసినవాళ్లలోనూ ఈ వివేకం ఉంది. పోతన2000, వేమన2000 అని కవి పేరుకి అంకెని అతికించేశారు, మధ్యలో ఖాళీ కూడా వదల్లేదు. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమికి ఆ భాగ్యం దక్కలేదు. ఆ లోటు మీరు పూడ్చండి. గౌతమి ఫాంటు ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే దాని వెర్షన్ కనబడుతుంది. దాన్ని రాసి పెట్టుకుని, ఆ ఫాంటుతో వేసే ప్రతి కాగితం మీదా కింది మూలలో అచ్చు వేయండి, అది పెద్దకర్మ కార్డయినా సరే.